నెట్‌వర్క్ డ్రైవ్ మీద డేటాబేస్: ఫైలు ఒకటే, రాసే ఇంజిన్లు అనేకం

క్లుప్తంగా

యాక్సెస్, ఫాక్స్‌ప్రో, ఎస్‌క్యూలైట్ లాంటి డేటాబేస్ ఫైలును షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి పదిమంది వాడుతున్నారంటే, ఆ ఫైలులోకి పది ఇంజిన్లు (డేటాను వెతికే, రాసే ప్రోగ్రామ్ భాగాలు) నేరుగా రాస్తున్నట్టు లెక్క. ఫైలు ఉన్న సర్వర్‌కు అది డేటాబేస్ అన్న సంగతే తెలియదు. లాకులు, క్యాషే (తాత్కాలికంగా దాచుకున్న కాపీ), కనెక్షన్... వీటిలో ఏది తడబడినా ఫైలు దెబ్బతింటుంది. ప్రోగ్రామ్‌ను ఎవరి కంప్యూటర్‌లో వారికి విడిగా పెట్టి, డేటా ఫైలును కేబుల్ నెట్‌వర్క్ మీదే వాడుతూ, ఆ షేర్‌కు క్యాషింగ్ ఆపితే చిన్న ఆఫీసు ఇదే పద్ధతిలో చాలాకాలం నెట్టుకురావచ్చు. వైఫై, వీపీఎన్ తప్పనిసరి అయినచోట మాత్రం ఇంజిన్‌ను డేటా దగ్గరికి చేర్చక తప్పదు.

ఏళ్ల తరబడి మొరాయించకుండా నడిచిన డేటాబేస్ ఉన్నట్టుండి వారానికోసారి "ఇన్‌కన్సిస్టెంట్ స్టేట్‌లో ఉంది, రికవర్ చేస్తాం" అనే హెచ్చరిక చూపడం మొదలుపెడుతుంది. ప్రోగ్రామ్‌లో ఎవరూ ఏమీ మార్చలేదు. ఆరా తీస్తే బయటపడేవి చిన్నచిన్న సంగతులే: రెండు డెస్క్‌టాప్‌లు పోయి ల్యాప్‌టాప్‌లు వచ్చాయి, విండోస్ కొత్త వెర్షన్‌కు అప్‌డేట్ అయింది, పాత నాస్ పెట్టె (నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచే పరికరం) స్థానంలో కొత్తది చేరింది. వీటిలో ఏదీ డేటాబేస్ జోలికి పోలేదు. కానీ ఫైల్ షేరింగ్ ఎలా పనిచేస్తుందన్న విషయంలో ఆ డేటాబేస్ ఇన్నాళ్లూ పెట్టుకున్న నమ్మకాలను మాత్రం ఇవన్నీ మార్చేశాయి. లోపం ఎక్కడుందో తెలియాలంటే ముందు ఆ నమ్మకాలేమిటో చూడాలి.

ఇంజిన్ ఎక్కడ నడుస్తుంది?

ఎస్‌క్యూఎల్ సర్వర్, మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ లాంటివాటిలో యూజర్ కంప్యూటర్ నుంచి బయల్దేరేది ప్రశ్న మాత్రమే. ఫలానా ఖాతాలో బాకీ ఎంత అని అడిగితే సర్వర్‌లోని ఇంజిన్ తన డిస్క్‌లో వెతికి జవాబు పంపుతుంది. డేటా ఫైలును తెరిచేది, అందులో రాసేది ఆ ఇంజిన్ ఒక్కటే. వందమంది ఒకేసారి అడిగినా ఎవరి పని ముందు, ఎవరిది వెనక అన్నది ఒకే చోట తేలిపోతుంది.

యాక్సెస్ సంగతి వేరు. 1992లో తొలి వెర్షన్ వచ్చినప్పటి నుంచి దాని అడుగున ఉండే జెట్ ఇంజిన్, 2007 నుంచి దాని వారసుడైన ఏస్ ఇంజిన్, యూజర్ కంప్యూటర్‌లోనే నడుస్తాయి. సర్వర్ చేసేదల్లా "ఫలానా స్థానం నుంచి 4,096 బైట్లు ఇవ్వు", "ఫలానా స్థానంలో ఇవి రాయి" అన్న ఆదేశాలను పాటించడమే. ఆ బైట్లు ఇండెక్స్‌వా (వెతకడానికి వాడే సూచిక), రికార్డువా, ఏ రాత ఏ రాతకు జతో దానికి తెలియదు. ఫాక్స్‌ప్రో, డీబేస్, పారడాక్స్ కూడా ఈ కోవలోవే. ఎస్‌క్యూలైట్‌ను ఇలా పంచుకోవడానికి తయారు చేయలేదు గానీ, దాని ఫైలును షేర్‌లో పెట్టినా జరిగేది ఇదే.

కాబట్టి యూజర్లు పెరిగేకొద్దీ ఇంజిన్లు కూడా పెరుగుతాయి. అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. వాటి మధ్య ఉన్న ఏకైక ఒప్పందం లాకు.

లాకు ఎక్కడ పడుతుంది?

యాక్సెస్ డేటా ఫైలును మొదటి యూజర్ తెరవగానే అదే ఫోల్డర్‌లో అదే పేరుతో చిన్న ఫైలు ఒకటి పుడుతుంది. పాత ఎండీబీ ఫైలుకైతే దాని ఎక్స్‌టెన్షన్ ఎల్‌డీబీ, కొత్త ఏసీసీడీబీకైతే ఎల్ఏసీసీడీబీ. లోపల ఒక్కో యూజర్‌కు 64 బైట్లు ఉంటాయి: మొదటి 32లో కంప్యూటర్ పేరు, తర్వాతి 32లో యూజర్ పేరు. యూజర్-లెవెల్ సెక్యూరిటీ వాడనిచోట ఆ రెండో పేరు అందరికీ "అడ్మిన్" అనే పడుతుంది. గరిష్ఠంగా 255 మంది, అంటే లాక్ ఫైలు నిండా నిండినా 16 కేబీ దాటదు. ఎవరు లోపల ఉన్నారో చూద్దామని ఈ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. యూజర్ వెళ్లిపోయినా పేరు చెరగదు, ఆ గడిలోకి మరొకరు వచ్చేదాకా అలాగే ఉంటుంది. కాబట్టి అందులో కనిపించిన ప్రతి పేరూ లోపల ఉన్నట్టు కాదు.

అసలు లాకులు ఈ పేర్ల మీద కూడా పడవు. లాక్ ఫైలు సైజుకు ఎంతో అవతల ఉన్న, నిజానికి లేని బైట్ల స్థానాల మీద పడతాయి. ఫలానా స్థానం లాక్ అయి ఉంటే డేటా ఫైలులోని ఫలానా పేజీని (4,096 బైట్ల ముక్కను) వేరొకరు మారుస్తున్నట్టు అని ఇంజిన్లన్నీ అనుకుంటాయి. ఇది తలుపుకు వేసిన తాళం కాదు, తలుపు మీద తగిలించిన "లోపల మనిషి ఉన్నారు" అనే బోర్డు. బోర్డు చూసి ఆగేవారు ఆగుతారు. బోర్డు పెట్టినట్టు నెట్‌వర్క్ సరిగా చెప్పకపోతే ఇద్దరూ లోపలికి వెళ్తారు, సర్వర్ ఆపదు.

ఫోల్డర్ పర్మిషన్ల గొడవ ఇక్కడే మొదలవుతుంది. డేటా ఫైలు మీద "మాడిఫై" ఇస్తే చాలదు. లాక్ ఫైలును సృష్టించాలి, చివరి యూజర్ బయటికి వెళ్లేటప్పుడు తొలగించాలి కాబట్టి ఫోల్డర్ మీద కూడా క్రియేట్, డిలీట్ హక్కులు ఉండాలి. సృష్టించే హక్కు లేని యూజర్ ముందుగా తెరిస్తే లాక్ ఫైలు పుట్టదు, దాంతో ఫైలు పంచుకునే పద్ధతిలో తెరుచుకోదు. మిగిలినవారికి "వేరొకరు వాడుతున్నారు" అన్న సందేశం వస్తుంది. ఇలాంటి ఫిర్యాదు రాగానే నెట్‌వర్క్‌ను అనుమానించే ముందు పర్మిషన్లు చూడడం మంచిది.

క్యాషే తెచ్చే తంటా

ఫైల్ షేరింగ్ వేగంగా ఉండడానికి విండోస్ ఒక ఏర్పాటు చేసింది. ఒక ఫైలును ఒక్కరే తెరిచినప్పుడు ప్రతి మార్పునూ వెంటనే సర్వర్‌కు పంపాల్సిన పని లేదు, తన దగ్గరే దాచుకుని తర్వాత పంపొచ్చు. ఈ అనుమతిని మొదట్లో ఓప్‌లాక్ అన్నారు. విండోస్ ఫైల్ షేరింగ్ ప్రోటోకాల్ పేరు ఎస్‌ఎంబీ, విండోస్ 7 నాటి దాని 2.1 వెర్షన్ నుంచి ఇది లీజు రూపం తీసుకుంది. రెండో వ్యక్తి అదే ఫైలును తెరవగానే సర్వర్ మొదటివారికి కబురు పంపుతుంది: దాచుకున్నవి రాసెయ్యి, అనుమతి రద్దు. మొదటి కంప్యూటర్ అన్నీ రాసి, సరేనని బదులిచ్చాకే రెండోవారికి దారి దొరుకుతుంది.

వర్డ్ డాక్యుమెంట్‌కు ఇది భేషైన పద్ధతి. డేటాబేస్ ఫైలు విషయంలో అనుమతి ఇవ్వడం, రద్దు చేయడం రోజంతా సాగుతూనే ఉంటుంది. రద్దు కబురు వెళ్లిన క్షణంలో ఆ ల్యాప్‌టాప్ నిద్రలోకి జారితే సర్వర్ కొంతసేపు ఆగుతుంది, మామూలుగా 35 సెకన్లు. ఆ తర్వాత ఏకపక్షంగా రద్దు చేసేస్తుంది. ల్యాప్‌టాప్‌లో దాగిన మార్పులు అక్కడే ఆవిరవుతాయి. అవతలివారి తెరలు ఆ 35 సెకన్లూ బిగుసుకుపోవడం కూడా చాలాచోట్ల తెలిసిన అనుభవమే, దాన్ని "సర్వర్ స్లో" అని సరిపెట్టుకుంటారు.

2018లో విండోస్ 10 వెర్షన్ 1803 వచ్చాక షేర్‌లో ఉన్న యాక్సెస్ ఫైళ్లకు ఈ ఇన్‌కన్సిస్టెంట్ స్టేట్ జబ్బు వరసగా సోకింది. మైక్రోసాఫ్ట్ సూచించిన ఉపాయం, ఫైలు ఉన్న కంప్యూటర్ రిజిస్ట్రీలో లాన్‌మాన్‌సర్వర్ కింద పారామీటర్స్‌లో "డిజేబుల్‌లీజింగ్" అనే డీవర్డ్ విలువను 1గా పెట్టి, సర్వర్ సర్వీసును ఆపి మళ్లీ మొదలుపెట్టడం. ఇది యూజర్ల కంప్యూటర్లలో కాదు, ఫైలు ఉన్నచోట చేయాలి. చాలామంది తడబడేది ఇక్కడే. ఇంకొక చిక్కు కూడా ఉంది. ఈ మార్పు ఆ సర్వర్‌లోని అన్ని షేర్లకూ వర్తిస్తుంది. పైగా క్షణం పాటు తెగిన కనెక్షన్‌ను మళ్లీ అతికించే ఎస్‌ఎంబీ సదుపాయం చాలావరకు లీజు మీదే నిలబడి ఉంది. లీజింగ్ ఆపితే క్యాషే బెడద తగ్గుతుంది, వైఫై కుదుపులను తట్టుకునే శక్తి కూడా దాంతోపాటే తగ్గుతుంది. అందుకే ఈ మందు కేబుల్ నెట్‌వర్క్‌కే సరిపోతుంది.

సాంబా (ఎస్‌ఎంబీ షేరింగ్ నడిపే సాఫ్ట్‌వేర్) నడిచే నాస్‌లలో ఇంత మొరటుగా వ్యవహరించనవసరం లేదు. డేటాబేస్ ఉన్న షేర్ ఒక్కదానికే ఓప్‌లాక్స్ ఆపొచ్చు. లేదా "వీటో ఓప్‌లాక్ ఫైల్స్" అనే సెట్టింగులో ఎండీబీ, ఏసీసీడీబీ, డీబీఎఫ్, సీడీఎక్స్ (చివరి రెండూ ఫాక్స్‌ప్రో డేటా, ఇండెక్స్ ఫైళ్లవి) ఎక్స్‌టెన్షన్లను రాసి, ఆ ఫైళ్లకు మాత్రమే ఈ అనుమతి ఇవ్వకుండా చేయొచ్చు.

ఫాక్స్‌ప్రో, క్లిప్పర్ కాలపు ప్రోగ్రామ్‌లకు మరో క్యాషే అడ్డం వస్తుంది. విండోస్ క్లయింట్ ఫైలు సైజు, తేదీల వంటి వివరాలను మామూలుగా 10 సెకన్ల పాటు, "ఆ ఫైలు లేదు" అన్న జవాబును 5 సెకన్ల పాటు గుర్తుంచుకుంటుంది. డీబీఎఫ్ ఫైలు తలభాగంలో మొత్తం రికార్డుల సంఖ్య రాసి ఉంటుంది. ఒకరు రికార్డు చేర్చాక మరొకరికి పాత సైజే కనిపిస్తే సంఖ్యకూ, సైజుకూ, ఇండెక్స్‌కూ పొత్తు తప్పుతుంది. "ఇండెక్స్ టేబుల్‌తో సరిపోలడం లేదు" అన్న సందేశం వెనక తరచుగా ఉండేది ఇదే. లాన్‌మాన్‌వర్క్‌స్టేషన్ పారామీటర్లలో ఈ క్యాషే గడువులను సున్నా చేయడం అందరూ వాడే విరుగుడు. ఇది మాత్రం ప్రతి యూజర్ కంప్యూటర్‌లోనూ చేయాల్సిందే. ఎస్‌ఎంబీ 1ను తిరిగి ఆన్ చేస్తే సమస్య పోతుందనే సలహా ఇప్పటికీ చలామణీలో ఉంది. 2017 మేలో వన్నాక్రై రాన్సమ్‌వేర్ వ్యాపించింది ఆ ప్రోటోకాల్‌లోని లోపం ద్వారానే. ఆ సలహా అసలుకే ఎసరు పెడుతుంది.

ఒక్క సేవ్, అనేక రాతలు

ఒక రికార్డు సేవ్ చేస్తే డిస్క్ మీద మారేది ఒక్క చోటు కాదు. రికార్డు ఉన్న పేజీ మారుతుంది. టేబుల్‌కు మూడు ఇండెక్స్‌లుంటే కనీసం మూడు ఇండెక్స్ పేజీలు మారొచ్చు. పేజీ నిండిపోతే కొత్త పేజీ కేటాయించాలి, ఏ పేజీలు ఖాళీగా ఉన్నాయో చెప్పే పట్టికను సవరించాలి. ఇవన్నీ విడివిడి ఆదేశాలుగా తీగ మీద వెళ్తాయి. మూడోదానికీ నాలుగోదానికీ మధ్య కనెక్షన్ తెగితే ఫైలులో రికార్డు ఉంటుంది, ఇండెక్స్‌లో ఉండదు.

సర్వర్ డేటాబేస్‌లు ఈ ప్రమాదాన్ని లాగ్‌తో తప్పించుకుంటాయి. ఏం చేయబోతున్నదీ ముందు లాగ్‌లో రాసి, ఆ తర్వాతే డేటా ఫైలును మారుస్తాయి. మధ్యలో కరెంటు పోయినా లాగ్ చూసి పని పూర్తి చేయడమో, వెనక్కి తీసుకోవడమో జరుగుతుంది. జెట్, ఏస్‌లకు అలాంటి లాగ్ లేదు. వాటికున్నది గుర్తు మాత్రమే: డేటా ఫైలు మొదటి పేజీలో ఒక్కో యూజర్‌కు రెండేసి బైట్లు కేటాయించి, రాత మొదలైనప్పుడు ఒక విలువ, ముగిశాక మరో విలువ పెడతారు. "రాస్తున్నాను" అన్న గుర్తు ఉండి, ఆ యూజర్ లాకు మాత్రం కనిపించకపోతే పని మధ్యలో ఆగిందని తర్వాత వచ్చిన ఇంజిన్ గ్రహిస్తుంది. ఫైలు అనుమానాస్పదమైందని ప్రకటిస్తుంది. ఏది చెడిందో చెప్పదు, బాగు చేయనూ లేదు.

ల్యాప్‌టాప్ మూత మూయడం, వైఫై ఒక యాక్సెస్ పాయింట్ నుంచి మరోదానికి మారడం, కరెంటు ఆదా కోసం నెట్‌వర్క్ కార్డు నిద్రపోవడం, హ్యాంగ్ అయిందని టాస్క్ మేనేజర్‌లో ప్రోగ్రామ్‌ను చంపేయడం... ఇంజిన్ దృష్టిలో ఇవన్నీ ఒకటే, రాస్తున్న చేతిని మధ్యలో లాగేయడం. ఇరవై మందిలో పంతొమ్మిది మంది కేబుల్ మీద ఉండి ఒక్కరు వైఫై మీద ఉన్నా ప్రమాదం ఆ ఒక్కరికి పరిమితం కాదు, ఫైలు అందరిదీ కదా.

నిదానం వెనక లెక్క

"యాక్సెస్ మొత్తం టేబుల్‌ను లాగేస్తుంది" అన్నది సగం నిజమే. వెతికే ఫీల్డుకు ఇండెక్స్ ఉంటే రెండు మూడు ఇండెక్స్ పేజీలు, ఒక డేటా పేజీ తెచ్చుకుంటే పనైపోతుంది. ఇండెక్స్ లేకపోతేనే మొత్తం చదవాలి. 100 ఎంబీ టేబుల్ అంటే 4 కేబీ పేజీలు 25,600. ఒక్కో పేజీకి సర్వర్‌కు వెళ్లి రావడానికి కేబుల్ మీద అర మిల్లీసెకను పడితే మొత్తం 13 సెకన్లలోపే. అదే 40 మిల్లీసెకన్లు పట్టే వీపీఎన్ మీద అయితే 1,024 సెకన్లు, అంటే 17 నిమిషాలు. పేజీలను ముందుగానే గంపగుత్తగా చదివే ఏర్పాట్ల వల్ల అసలు సమయం ఇంతకన్నా తగ్గుతుంది గానీ, నిష్పత్తి పెద్దగా మారదు. ఇంటర్నెట్ స్పీడు 100 ఎంబీపీఎస్ నుంచి 300కు పెంచినా ప్రయోజనం కనపడకపోవడానికి కారణం ఇదే. ఇక్కడ ఖర్చవుతున్నది రానుపోను సమయం, గొట్టం వెడల్పు కాదు.

ఒకరు మార్చిన అంకె మరొకరి తెర మీద ఆలస్యంగా కనిపించడం మాత్రం లోపం కాదు. ఏస్ చదివిన పేజీని తన మెమరీలో మామూలుగా 5 సెకన్లు నమ్ముతుంది, తెరిచి ఉన్న ఫారాన్ని యాక్సెస్ 60 సెకన్లకోసారి తాజా చేస్తుంది. ఈ రెండూ సెట్టింగులే, తగ్గించొచ్చు. తగ్గించినకొద్దీ నెట్‌వర్క్ మీద రద్దీ పెరుగుతుంది.

ప్రోగ్రామ్ కూడా షేర్ మీదే ఉంటే

డేటా సంగతి అటుంచితే, ప్రోగ్రామ్‌నే నెట్‌వర్క్ డ్రైవ్ నుంచి నడపడం మరో అలవాటు. విండోస్ ఎగ్జిక్యూటబుల్ ఫైలును మొదటే మొత్తంగా మెమరీలోకి ఎక్కించదు, అవసరమైన ముక్కను అవసరమైనప్పుడు ఫైలు నుంచి తెచ్చుకుంటుంది. నెట్‌వర్క్ క్షణం పోయిన సమయంలో కొత్త ముక్క కావలసి వస్తే ప్రోగ్రామ్ "ఇన్-పేజ్ ఎర్రర్"తో కూలుతుంది. ఆ సమయంలో అది డేటాబేస్‌లో రాస్తూ ఉంటే పైన చెప్పిన ప్రమాదం కూడా తోడవుతుంది. ప్రోగ్రామ్‌ను ముందుగా స్వాప్ ఫైలులోకి మొత్తం కాపీ చేసుకునేలా మైక్రోసాఫ్ట్ లింకర్‌లో స్వాప్‌రన్ అనే ఐచ్ఛికం ఉంది. తయారీదారు దాన్ని వాడి ఉంటేనే ఉపయోగం.

యాక్సెస్‌లో ఈ తప్పు మరింత ఖరీదైనది. ఫారాలు, రిపోర్టులు, టేబుళ్లు అన్నీ ఉన్న ఒకే ఫైలును అందరూ తెరిస్తే డిజైన్ వస్తువులు, తాత్కాలిక మార్పులు కూడా ఆ ఫైలులోనే పడతాయి. దాన్ని రెండుగా విడగొట్టాలి. టేబుళ్లు మాత్రమే ఉన్న బ్యాకెండ్ షేర్‌లో, మిగతావన్నీ ఉన్న ఫ్రంటెండ్ ఎవరి కంప్యూటర్‌లో వారికి. డేటాబేస్ టూల్స్‌లోని స్ప్లిటర్ ఈ పని నిమిషాల్లో చేస్తుంది. కొత్త ఫ్రంటెండ్‌ను అందరికీ చేర్చడానికి, షేర్‌లోని తాజా కాపీని లోకల్ ఫోల్డర్‌లోకి దించి తెరిచే నాలుగు లైన్ల బ్యాచ్ ఫైలు చాలు.

లింకులను జడ్ డ్రైవ్ లాంటి అక్షరంతో కాకుండా సర్వర్ పేరు, షేర్ పేరుతో మొదలయ్యే పూర్తి దారితో ఇవ్వాలి. డ్రైవ్ అక్షరం ఆ యూజర్ లాగిన్‌కే పరిమితం. "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్"తో తెరిచిన ప్రోగ్రామ్‌కు, రాత్రిపూట సర్వీసుగా నడిచే పనికి ఆ అక్షరం మామూలుగా కనిపించదు.

ఇతర డేటాబేస్‌లు ఏమంటున్నాయి?

ఎస్‌క్యూలైట్ తయారీదారులే నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ మీద ఉమ్మడిగా వాడొద్దని చెబుతారు. దాని పాత జర్నల్ పద్ధతి ఫైల్ సిస్టమ్ లాకుల మీద ఆధారపడుతుంది, ఆ లాకులు అబద్ధం చెబితే చేసేదేమీ లేదు. కొత్త వాల్ (మార్పులను ముందు లాగ్‌లో రాసే) పద్ధతికైతే అందరూ ఒకే కంప్యూటర్‌లో ఉండి మెమరీని పంచుకోవాలి, రెండు కంప్యూటర్ల మధ్య అది అసలు కుదరదు. ఫైర్‌బర్డ్ ఇంకా ఖచ్చితంగా ఉంటుంది. నెట్‌వర్క్ డ్రైవ్ మీది డేటాబేస్‌ను డిఫాల్ట్‌గా తెరవనే తెరవదు.

మరి ఎస్‌క్యూఎల్ సర్వర్ 2008 ఆర్2 నుంచి డేటా ఫైళ్లను ఎస్‌ఎంబీ షేర్‌లో పెట్టడానికి అనుమతిస్తోంది కదా, పోస్ట్‌గ్రెస్‌ను ఎన్ఎఫ్ఎస్ (మరో ఫైల్ షేరింగ్ పద్ధతి) మీద నడుపుతున్నారు కదా అన్న ప్రశ్న సహజం. తేడా ఒక్కటే. అక్కడ షేర్ మారుమూల ఉన్న డిస్క్ మాత్రమే, దాన్ని తెరిచే ఇంజిన్ ఒక్కటే. అదే పోస్ట్‌గ్రెస్ డేటా డైరెక్టరీని రెండు కంప్యూటర్ల నుంచి రెండు ఇంజిన్లు తెరిస్తే దానికీ యాక్సెస్ గతే పడుతుంది. నెట్‌వర్క్ డ్రైవ్ పాపం ఇందులో కొంతే.

వన్‌డ్రైవ్, డ్రాప్‌బాక్స్ ఫోల్డర్లను ఈ వరసలో చేర్చనే కూడదు. అవి డ్రైవ్‌లు కావు, కాపీ యంత్రాలు. ఇద్దరు తెరిస్తే రెండు ఫైళ్లు తయారవుతాయి, లాకు అన్నదే ఉండదు. విండోస్ ఆఫ్‌లైన్ ఫైల్స్‌తోనూ ఇదే తంతు. డేటాబేస్ ఉన్న షేర్‌కు ఆఫ్‌లైన్ సదుపాయాన్ని సర్వర్‌లోనే ఆపేయాలి.

ఉన్నదాన్ని నిలబెట్టాలంటే

బ్యాకెండ్ ఫోల్డర్‌ను యాంటీవైరస్ తక్షణ తనిఖీ నుంచి మినహాయించాలి. ఫ్రంటెండ్ తెరిచినంతసేపూ బ్యాకెండ్‌లోని ఏదో ఒక చిన్న టేబుల్‌ను తెరిచే ఉంచేలా కోడ్ రాయాలి. లేదంటే లాక్ ఫైలు పదేపదే పుట్టి, చచ్చి, ప్రతి ఫారమూ నిదానిస్తుంది. "కాంపాక్ట్ ఆన్ క్లోజ్" (మూసేటప్పుడు ఫైలును కుదించే సెట్టింగు) బ్యాకెండ్‌కు వద్దు. ఫైలు గరిష్ఠ పరిమాణం 2 జీబీ కాబట్టి 1 జీబీ దాటగానే వారసుణ్ని వెతకడం మొదలుపెట్టాలి. మామూలు విండోస్ 10, 11 కంప్యూటర్‌నే సర్వర్‌గా వాడుతుంటే ఒకేసారి 20 కనెక్షన్లే అనుమతిస్తుంది. 21వ వారికి వచ్చే ఎర్రర్‌కు డేటాబేస్‌తో సంబంధం లేదు.

విండోస్ 11 వెర్షన్ 24హెచ్2 ప్రో, ఎంటర్‌ప్రైజ్‌లలో ఎస్‌ఎంబీ సైనింగ్ తప్పనిసరి అయింది. పాస్‌వర్డ్ లేని గెస్ట్ ప్రవేశమూ మూతపడింది. పాత నాస్‌లోని డేటాబేస్ అప్‌డేట్ మర్నాడు తెరుచుకోకపోతే ముందు ఆ షేర్‌లోని మామూలు టెక్స్ట్ ఫైలు తెరుచుకుంటోందో లేదో చూడాలి. అదీ తెరుచుకోకపోతే డేటాబేస్‌ను కెలకడం దండగ. నాస్ ఫర్మ్‌వేర్‌ను అప్‌డేట్ చేసి, యూజర్ పేరు, పాస్‌వర్డ్‌తో షేర్‌ను ఏర్పాటు చేసుకోవాలి.

బ్యాకప్ విషయంలో జాగ్రత్త ఒక్కటే, అది పెద్దదే. వాడకంలో ఉన్న ఫైలును మామూలుగా కాపీ చేస్తే మొదటి పేజీలు ఒక క్షణానివి, చివరి పేజీలు మరో క్షణానివి అవుతాయి. లాక్ ఫైలు లేని సమయంలో తీసిన కాపీయే నమ్మదగినది.

ఫైలు పాడైనప్పుడు

ముందు అందరినీ బయటికి పంపాలి. కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లో షేర్డ్ ఫోల్డర్స్ కింద ఓపెన్ ఫైల్స్ చూస్తే ఇంకా ఎవరు పట్టుకుని ఉన్నారో తెలుస్తుంది. తర్వాత పాడైన ఫైలును ఉన్నదున్నట్టు కాపీ చేసి పక్కన పెట్టాలి, ఎందుకంటే రిపేర్ కూడా డేటాను తొలగించగలదు. రిపేర్‌ను షేర్ మీద కాకుండా లోకల్ డిస్క్‌లోని మరో కాపీ మీద చేయాలి. కాంపాక్ట్ అంటే కొత్త ఫైలు తయారుచేసి పాతదాని స్థానంలో పెట్టడం. ఆ మధ్యలో నెట్‌వర్క్ తెగితే ఉన్నదీ పోతుంది.

రిపేర్ పూర్తయిందన్న సందేశం చూసి ఊపిరి పీల్చుకోవడానికి లేదు. కీ విలువలు డూప్లికేట్ అయిన టేబుళ్లలో ప్రైమరీ కీ, దానితోపాటు రిలేషన్‌షిప్‌లు చెప్పకుండా పోయి ఉండొచ్చు. రిలేషన్‌షిప్స్ విండోను పాత బ్యాకప్‌తో పోల్చాలి, రికార్డుల సంఖ్యలు సరిచూడాలి. రిపేర్ విఫలమైతే కొత్త ఖాళీ ఫైలులోకి ఒక్కో టేబుల్‌నూ దిగుమతి చేసుకోవాలి. ఏదైనా టేబుల్ మొరాయిస్తే దాని రికార్డులను సగం సగంగా కాపీ చేస్తూ పోతే చెడ్డ రికార్డు దొరుకుతుంది. ఎక్కువసార్లు దోషి మెమో ఫీల్డే. దాని పాఠం విడి పేజీల్లో ఉంటుంది, అక్కడికి దారి తెగుతుంది.

సర్వర్‌కు మారితే ఏం ఎదురవుతుంది?

బ్యాకెండ్‌ను ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్‌లోకి తరలించడానికి మైక్రోసాఫ్ట్ మైగ్రేషన్ అసిస్టెంట్ ఉచితంగానే దొరుకుతుంది. ఎక్స్‌ప్రెస్ కూడా ఉచితమే, 2022 వెర్షన్ వరకు డేటాబేస్‌కు 10 జీబీ పరిమితి. టేబుళ్లు చేరడం సులువే, ఇబ్బందులు ఆ తర్వాత. ఎస్/నో ఫీల్డు బిట్‌గా మారి, అందులో నల్ (ఖాళీ విలువ) మిగిలిపోతే ఆ రికార్డును సవరించినప్పుడల్లా "రైట్ కాన్‌ఫ్లిక్ట్" వస్తుంది. నల్‌లను సున్నా చేసి, డిఫాల్ట్ విలువ ఇచ్చి, ప్రతి టేబుల్‌కూ రోవర్షన్ (రికార్డు మారినప్పుడల్లా తానూ మారే గుర్తు) కాలమ్ ఒకటి చేరిస్తే పోతుంది. ఆటోనంబర్ యాక్సెస్‌లో టైపు చేయడం మొదలుపెట్టగానే వచ్చేది, ఇక్కడ సేవ్ అయ్యాకే వస్తుంది. దాన్ని ముందే చదివే కోడ్ తప్పు విలువ పట్టుకుంటుంది. పాత ఓడీబీసీ డ్రైవర్ (యాక్సెస్‌ను సర్వర్‌కు కలిపేది) వాడితే డేట్‌టైమ్2 తేదీలు పాఠంలా కనిపిస్తాయి. డ్రైవర్ 18 వాడితే ఎన్‌క్రిప్షన్ డిఫాల్ట్ కాబట్టి సర్టిఫికెట్ ఎర్రర్ అడ్డుతగులుతుంది.

వేగం దానంతటదే రాదు. క్వెరీ షరతులో సొంత వీబీఏ (యాక్సెస్ ప్రోగ్రామింగ్ భాష) ఫంక్షన్ ఉంటే సర్వర్‌కు అది అర్థం కాదు. యాక్సెస్ రికార్డులన్నీ తెచ్చుకుని తన దగ్గర వడపోస్తుంది, పాత నిదానం అలాగే ఉంటుంది. అలాంటి క్వెరీలను సర్వర్‌లో వ్యూగానో, పాస్-త్రూ క్వెరీగానో (నేరుగా సర్వర్‌కే పంపేది) తిరగరాయాలి.

తిరగరాసే తీరిక లేనివారికి రిమోట్ డెస్క్‌టాప్ మరో దారి. డేటాను కదపకుండా యూజర్లనే దాని దగ్గరికి తీసుకెళ్లడం ఇది. ఇంజిన్లు అనేకమే అయినా అన్నీ ఒకే యంత్రంలో, లోకల్ డిస్క్ మీద నడుస్తాయి. తీగ మీద వెళ్లేది తెర బొమ్మ, కీబోర్డు నొక్కుళ్లు మాత్రమే. వైఫై తెగితే సెషన్ సర్వర్‌లో అలాగే నిలిచి ఉంటుంది, సగం రాసిన రికార్డు ఎక్కడికీ పోదు. ఫ్రంటెండ్ కాపీ మాత్రం ఇక్కడ కూడా యూజర్‌కు ఒకటి చొప్పున ఉండాలి, అందరూ ఒకే ఫోల్డర్ నుంచి తెరవకూడదు. విండోస్ సర్వర్‌లో నిర్వహణ కోసం ఇచ్చే రెండు సెషన్లను ఇందుకు వాడుకోవడం లైసెన్స్‌కు విరుద్ధం. యూజర్ల సంఖ్యను బట్టి రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్సులు విడిగా కొనాలి.